నిండు గీత

రాళ్ళ పటం మీద ఎర్ర గీత మూడు రకాలు. నేల విరిగిన చోటును కళ్ళారా చూసి, చెయ్యి పెట్టి తడిమితే నిండు గీత. విరిగిందని గట్టి అనుమానమైతే తెంపులు తెంపులుగా గీత. ఇసుక కప్పేసి ఏమీ కనిపించకపోతే చుక్కలు. ఎడారిలో పటం గీసేవాళ్ళకు ఇవే ఓనమాలు.

ఆ ఓనమాల దగ్గరే మేనమామకూ మేనకోడలికీ చెడింది.

మామ ఆ క్యాంపుకు పెద్ద. ఆమెకు ఉద్యోగం వేయించింది ఆయనే. ఆమె ఏడాదిగా బూట్లు అరిగేలా తిరిగి ఆ లోయనంతా పటానికెక్కించింది. వాగు నీళ్ళు ఆపడానికి గోడ కట్టబోయే చోట ఎర్ర ఇసుకరాయి పొర కత్తితో కోసినట్టు తెగిపోయి, దాని పక్కనే తెల్ల సున్నపురాయి నిలబడి ఉంది. రెండింటి మధ్య రాయి అద్దంలా నునుపెక్కి, పైనుంచి కిందికి గీరలు పడి ఉంది. ఒక పక్క నేల కుంగినప్పుడు రాయిని రాయి ఒరుసుకున్న గుర్తు అది. దాని వెంట నాలుగు కిలోమీటర్లు నడిచి నిండు గీత గీసింది.

శుక్రవారం పొద్దున మామ రేకుల గదిలో బల్ల మీద పటం పరిచాడు.

"దీన్ని చుక్కలు చెయ్యి."

"చుక్కలెందుకు మావయ్యా? అక్కడ ఇసుకే లేదు."

"గాలి వీస్తే అదే వస్తుంది. గోడ ఎక్కడ కట్టాలో పైవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. సోమవారం ఇంజనీరు వస్తున్నాడు. నిండు గీత చూశాడంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. చుక్కలైతే ఎవడూ పట్టించుకోడు."

"గోడ కింద నేల జారితే దిగువ ఊరంతా పట్టించుకుంటుంది."

"లక్షేళ్ళ నుంచి కదలనిది ఇప్పుడు కదులుతుందా?"

"లక్షేళ్ళని మీ చెవిలో ఎవరు చెప్పారు? మొన్నమొన్న వాగు తెచ్చి పోసిన గులకరాళ్ళ పొర కూడా తెగి మూరెడు కిందికి దిగింది."

"నీ కూతురు నా కొలువుకే ఎసరు పెడుతోందని అక్కకి ఫోన్ చెయ్యనా?"

"చెయ్యండి. చిన్నప్పుడు మీరు అబద్ధమాడితే అమ్మ చెవి మెలేసేదట కదా. ఆ చెయ్యికింకా పట్టు తగ్గలేదు."

మామ చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది. అది గమనించుకున్నాక కోపం రెట్టింపయింది.

"చూడు కోడలా, నీ కాంట్రాక్టు నెలాఖరుతో సరి. పొడిగించాలన్నా, ఇంటికి పంపాలన్నా నా చేతిలో పని."

అని ఆమె ఎదుటే రబ్బరు తీసుకుని గీతను చెరిపి, చుక్కలు పెట్టాడు. గుమ్మడికాయంత నిజాన్ని ఆవగింజల కింద దాచేశాడు.

బయట జీపు డ్రైవరు టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. మామకంటే పెద్దవాడు. ఆమె బాబాయ్ అని పిలుస్తుంది.

"ఏంటమ్మాయ్, ముక్కుపుటాలు అలా ఎగిరిపోతున్నాయ్?"

"కాగితం మీద చెరిపేశాడు బాబాయ్. నేల మీద ఎలా చెరుపుతాడో చూస్తా. దారి గుర్తులకు వేసే సున్నం ఎంతుంది మన దగ్గర?"

"రెండు బస్తాలు. పొడిగా చల్లావంటే తిరిగొచ్చి నీ కళ్ళలోనే పడుద్ది."

"నీళ్ళు కలుపుతా."

"నీళ్ళా! మనిషికి రోజుకో బకెట్టే."

"నా బకెట్టే."

శుక్రవారం, శనివారం, ఆదివారం ఆమె ఒళ్ళు తడపలేదు. రెండో రోజు నుంచి డ్రైవరు కూడా తన బకెట్టు మోసుకొచ్చి పెట్టాడు. చీపురు ముంచి, నేల తెగిన చోటు వెంట, గోడ రాబోయే మేర మూడు వందల అడుగులూ జానెడు మందాన పూసుకుంటూ పోయారు.

"అమ్మాయ్, నీతో మాట్లాడాలంటే గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడాల్సొస్తోంది."

"నువ్వేదో పన్నీట మునిగొచ్చినట్టు!"

సోమవారం ఇంజనీరునూ మామనూ ఎక్కించుకొచ్చిన డ్రైవరు ముందు చక్రాలు సరిగ్గా సున్నం అంచున ఆగేలా బ్రేకు వేశాడు.

"ఎందుకాపావ్?" అన్నాడు మామ.

"గీత అడ్డమొచ్చింది సార్."

ఇంజనీరు దిగాడు. చేతిలోని పటం చూశాడు, నేల చూశాడు, మళ్ళీ పటం చూశాడు.

"ఇందులో చుక్కలున్నాయి. ఇక్కడ ఇదేంటి?"

"పిల్లచేష్ట సార్," అన్నాడు మామ.

పొద్దుటి నుంచీ గీత దగ్గరే కాచుకునున్న ఆమె సున్నానికి పగిలిన అరచేతులతో ముందుకొచ్చింది. "పిల్లను కాదు సార్, ఈ పటం గీసిందాన్ని. చుక్కలు పెట్టింది మాత్రం నేను కాదు. ఇసుక లేనిచోట చుక్కలుండకూడదు. మీరే చెయ్యి పెట్టి చూడండి."

ఇంజనీరు గొంతుక్కూర్చున్నాడు. అరచెయ్యి రాతి గీరల వెంట పైనుంచి కిందికి జారింది. గులకరాళ్ళ పొర తెగిన చోట వేళ్ళు ఆగిపోయాయి. లేచాక మామ వైపు తిరిగాడు.

"ఇది మీరు చూశారా?"

మామ దూరంగా కొండల వైపు చూశాడు. "చోటు మార్చాలంటే ఏడాది పడుతుంది సార్."

"చూశారా అని అడిగాను."

ఇంజనీరు ఎర్ర పెన్సిలు తీసి మామ ముందు పట్టాడు. "సరిచెయ్యండి."

"ఆయనకెందుకు సార్, నడిచింది నేను," అని ఆమె పెన్సిలు అందుకుంది. జీపు బానెట్ పెనంలా కాలిపోతోంది. పటాన్ని దాని మీదే పరిచి, చుక్కలన్నీ మునిగిపోయేలా, ఈ చివర నుంచి ఆ చివరకు గీసి, పక్కన సంతకం పెట్టింది.

మామ దగ్గరికొచ్చి పళ్ళ బిగువున అన్నాడు: "నెలాఖరుకి సామాను సర్దుకో."

"నెలాఖరుకి ఇంకా పదకొండు రోజులున్నాయి మావయ్యా," అందామె, రాళ్ళు కొట్టి చూసే సుత్తి నడుముకు దోపుకుంటూ. "బాబాయ్, జీపు తిప్పు. ఉత్తరం వైపు కొండ ఇంకా చూడలేదు."