కాగితంలో లేని గాడిద

చేతిలో కాగితం తలకిందులుగా ఉంది, అయినా ఆ పిల్ల ఎక్కడా తడబడకుండా గడగడా చదివేసింది.

అధికారిణి కాగితం వైపు వంగింది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది. సందేహం లేదు. అక్షరాల కాళ్ళు పైకి, తలలు కిందికి ఉన్నాయి.

"చాలా బాగుందమ్మా. ఇంకోసారి చదువు," అంది గొంతు మారకుండా జాగ్రత్తపడుతూ.

ఆమెది జవాబుదారీ అధికారి ఉద్యోగం. మా పిల్లలు ఇంత బాగా చదువుతున్నారని సర్కారు బళ్ళు పైకి పంపే ఫలితాలు నిజమో, గాలి కబుర్లో తేల్చడం ఆమె పని. టీచర్లు చాటుగా పెట్టుకున్న పేరు భూతద్దం. పుస్తకంలోది ఇస్తే బట్టీ పట్టేస్తారని, ప్రతి బడికీ ఒక చిన్న పేరా తనే సొంతంగా రాసి, మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి చదివిస్తుంది. చదవలేని బడికి ఏడాది పాటు ప్రత్యేకంగా చదవడం నేర్పే టీచరును పంపుతారు. ఈ బడి ఏళ్ళ తరబడి మొదటి స్థానంలోనే ఉంది. అందుకని ఆ టీచరు ఈ గడప తొక్కలేదు.

పిల్ల ఊపిరి బిగబట్టి అందుకుంది. "ముసలి తాత గాడిదను తోలుకుని సంతకు బయలుదేరాడు. దారిలో వాన మొదలైంది. గాడిద చెట్టు కింద ఆగిపోయింది..."

"ఆగమ్మా. ఇందులో వాన అనే మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

పిల్ల కాగితం వైపు చూసింది. పక్కనే నిలబడ్డ హెడ్మాస్టరు వైపు చూసింది. చివరికి కప్పు వైపు చూసింది.

"వాన పైనుంచి పడుతుంది కదండీ?"

హెడ్మాస్టరు పెద్దగా నవ్వాడు. "చిన్నపిల్ల మేడం! మిమ్మల్ని చూసి బెదిరింది. మాకే చెమటలు పడతాయి, దానిదేముంది."

అధికారిణికి నవ్వు రాలేదు. పిల్ల చేతిలోని కాగితం తీసుకుని తిన్నగా తిప్పి చూసింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

ఆ కాగితంలో గాడిద లేదు. మేక ఉంది.

తర్వాతి వాడిని పిలిచింది. వాడూ గాడిదనే తోలుకెళ్ళాడు. ఆ తర్వాతి పిల్ల గాడిదను చెట్టు కింద నిలబెట్టింది. మరొకడైతే కాగితం అందుకోకముందే తాతను సంతకు పంపించేశాడు. తరగతిలో ఒక్కరికీ మేక కనపడలేదు. కనపడాలంటే చదవడం రావాలి.

పిల్లలను బయటికి పంపి ఆమె తలుపు వేసింది. హెడ్మాస్టరు గదిలో బీరువా నిండా షీల్డులు. వాటి మీద దుమ్ము లేదు. తరగతి గదిలోని పుస్తకాల అర మీద మాత్రం వేలితో రాయగలిగేంత దుమ్ము ఆమె చూసింది.

"వీళ్ళకి పేరా ఎవరిచ్చారు?"

"ఎవరిస్తారు మేడం? మా పిల్లలు చురుకు..."

"మీ పిల్లలు చదివిన కథ నేను నిన్న సాయంత్రం రాసుకున్నది. గాడిదంటే పిల్లలు నవ్వుతూ కూర్చుంటారని ఈ పొద్దున ఆఫీసులో దాన్ని మేకగా మార్చాను. టైపు చేసినవాడికి మేకే తెలుసు. అచ్చయింది మేకే. మరి మీ బళ్ళోకి గాడిద ఎలా వచ్చింది?"

హెడ్మాస్టరు షీల్డుల వైపు చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"పొద్దున్నే బడి గంట కొట్టకముందే పిల్లల్ని పిలిపించి వల్లె వేయించాను. ఒప్పుకుంటున్నా. నన్నేం చేసినా సరే. కానీ ఎవరు చెప్పారని మాత్రం అడక్కండి మేడం."

"అడగడమే నా ఉద్యోగం."

"తెలిస్తే నాకంటే మీకే కష్టం," అన్నాడు తల ఎత్తకుండా.

జీపు ఎక్కాక ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. "ఆఫీసుకేనా మేడం?" అని డ్రైవరు రెండోసారి అడిగేదాకా ఆమెకు వినపడలేదు. సాయంత్రానికల్లా నివేదిక వెళ్ళిపోవాలి. అందులో ఆమె ఏం రాస్తే అదే ఆ పిల్ల చదువు. ఉత్తీర్ణం అని రాస్తే వచ్చే ఏడాది కూడా ఆ పిల్లకు వాన కప్పులోనే ఉంటుంది. కాదని రాస్తే పేరా ఎలా బయటికి పొక్కిందో కూడా రాయాలి.

గాడిద సంగతి తెలిసిన వాళ్ళెవరు? నిన్న ఆమె దాన్ని పైకి చదివింది ఒక్కచోటే. ఇంట్లో, హాల్లో. భర్త వారం నుంచి డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. విన్నది ఒక్కరే.

ఆమె ఒళ్ళోని ఫైలు మూసేసింది. "ఇంటికి పోనీ," అంది.

మామగారు రిటైరైన హెడ్మాస్టరు. ఒకప్పుడు ఆ బడి ఆయనదే, ఇప్పటి హెడ్మాస్టరు ఆయన శిష్యుడే. ఉన్నమాట మొహం మీదే అనేస్తారని అందరూ ఆయన్ను కుండబద్దలు మాస్టారు అంటారు. కళ్ళకు శుక్లాలొచ్చి చదవలేకపోతున్నారు. అందుకని ఆమె ఏ పేరా రాసినా ఆయనకు వినిపించేది. "ఈ మాట బరువైంది అమ్మాయ్, మూడో తరగతికి అందదు," అని ఆయన చెబితే తీసేసేది. ఇన్నేళ్ళుగా ఆమె నమ్మిన గీటురాయి అది.

ఆయన కిటికీ పక్కన పడక్కుర్చీలో రేడియో వింటున్నారు.

"పెందలాడే వచ్చావేం అమ్మాయ్? ఒంట్లో బాగాలేదా?"

ఆమె రేడియో కట్టేసింది. "మామయ్యగారూ, నిన్న నేను వినిపించిన కథలో తాత దేన్ని తోలుకెళ్ళాడు?"

"గాడిదని. బాగుంది కదా! ఏం?"

"ఇవాళ కాగితంలో మేక ఉంది. పిల్లలందరూ గాడిదే అన్నారు. ఒక పిల్ల కాగితం తలకిందులుగా పట్టుకుని మరీ అంది."

ఆయన చేయి రేడియో కోసం తడిమింది. అది పలకడం లేదని గుర్తొచ్చి ఆగిపోయింది.

"వాడు చెప్పాడా?"

"చెప్పలేదు. మీరు చెప్పండి. మీరు కాదంటే కాదనే నమ్ముతాను. నమ్మాలనే వచ్చాను."

ఆమె నిలబడే ఉంది. కాదు అనే రెండక్షరాల కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"నేనే చెప్పానమ్మా," అన్నారాయన. "నువ్వు వంటింట్లోకి వెళ్ళగానే ఫోన్లో చెప్పాను. నిన్నొక్కరోజే కాదు. నువ్వు ఆ బడికి రాసిన ప్రతిదీ చెప్పాను. ఆ శిష్యుడు నన్ను అడగలేదు. నేనే వాడికి అలవాటు చేశాను. నా హయాంలో పరీక్షకొచ్చే ఇన్‌స్పెక్టరు ఏ పాఠం అడుగుతాడో ముందే కనుక్కుని, ఆ ఒక్కటీ పిల్లల చేత వల్లె వేయించేవాణ్ణి. ఆ షీల్డులన్నీ అలా వచ్చినవే. వాడి చేతిలో బడి వెనకబడితే నా పాత సంగతులు కూడా తవ్వుతారని భయం. నిన్ను మోసం చేస్తున్నానని తెలుసు. ఆ పిల్లలకి చదవడం రాదనీ తెలుసు. రిటైరయ్యాక ఒకరోజు బస్టాండులో ఒకమ్మాయి నా కాళ్ళకి దండం పెట్టింది. చంకలో పిల్లాడున్నాడు. 'మాస్టారూ, నేను మీ బళ్ళో ఫస్టు వచ్చానండీ, గుర్తున్నానా?' అంది. గుర్తుందన్నాను. తర్వాత ఎదురుగా ఆగిన బస్సు చూపించి, 'దాని మీద ఏ ఊరని రాసుందండీ?' అని అడిగింది. చదివి చెప్పాను. నీకు రాదా అని అడగలేదమ్మా. ఎందుకు రాదో నాకు తెలుసు కదా. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తిన్నాను, నిద్ర కూడా పోయాను. ఆ తర్వాత కూడా ఫోన్ చేస్తూనే ఉన్నాను."