శత్రువు ఆగే ఆట

నేను ఒక ఆట సీడీని. నా వెండి ఒంటిలో ఒక చిన్న దేశం, దాని అడవులు, డబ్బుకు యుద్ధం చేసే కొందరు సైనికులు నిద్రపోతుంటారు. కంప్యూటర్ నన్ను గిర్రున తిప్పితే చాలు, అందరూ లేచి తుపాకులు భుజానికెత్తుకుంటారు.

హన్మకొండలో యాకూబ్ దుకాణంలో ఉండేదాన్ని. కిరాయి సైనికులను మోసే నన్నూ అతను కిరాయికే ఇచ్చేవాడు. కుర్రాళ్లు ఎగబడి తీసుకెళ్లి మర్నాడే మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేవారు. నాలో ఆటగాడు తన వంతు ఆడేదాకా శత్రువు కదలడు. గురిపెట్టిన తుపాకీతో అలాగే నిలబడతాడు. మనుషులకు శత్రువు ఆగినా విసుగే! నాకు భలే నవ్వొచ్చేది.

ఒకరోజు నరహరి వచ్చాడు. ఒకప్పుడు వాలీబాల్ కోచ్. పక్షవాతం వచ్చి తగ్గింది కానీ, కుడిచెయ్యి వణుకు పోలేదు. వెంట భార్య వినోద.

"ఆ చెయ్యితోని ఏదన్న ఆడుమన్నడు డాక్టరు," అని యాకూబ్‌తో చెప్పిందామె. "క్యారమ్స్‌కు కూసుంటే దోస్తులు ఆడనియ్యరు. 'నువ్వుండన్నా, నీ వంతు నేనేస్త' అంటరు. పాపం, ప్రేమతోనే."

యాకూబ్ నన్ను చూపించబోయి వెనక్కి లాక్కున్నాడు. "ఇది మీకు సెట్ గాదు సార్. మస్తు నిదానం. మీరు కొట్టేదాక దుష్మన్ గుడ సూస్కుంట నిలవడ్తడు."

నరహరి చెయ్యి చాపాడు. "గదే ఇయ్యి."

మొదట్లో ఎడమచేత్తోనే ఆడాడు. ఒక సాయంత్రం నా సైనికుల్లోని ముసలి వైద్యుడు గాయపడి గోడవార పడిపోయాడు. ఎదురుగా శత్రువు అతనికే గురిపెట్టి ఉన్నాడు. నాలో చచ్చినవాడు మళ్లీ లేవడు. నరహరి ఏమనుకున్నాడో, కుడిచెయ్యి తెచ్చి మౌస్ మీద పెట్టాడు. తెరమీద బాణం గుర్తు వణుకుతూ ఎటో పోయింది, మళ్లీ వచ్చింది. వినోద ఇచ్చిన టీ చల్లారిపోయింది. నా దేశమంతా ఊపిరి బిగబట్టి, కలలో ఉన్నట్టు ఆగింది.

అప్పుడే వచ్చిన క్యారమ్స్ దోస్తు మొగిలికి మనసాగలేదు. "ఇటియ్యే అన్నా, నేను కాలుస్త," అని మౌస్ అందుకోబోయాడు.

"ఆగు మొగిలీ. నా వంతు."

మొగిలి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా శత్రువుకు అలా ఆగడం అలవాటే, మొగిలికే కొత్త. చాలాసేపటికి నరహరి వేలు నొక్కింది. శత్రువు కూలాడు, వైద్యుడు బతికాడు. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

యాకూబ్ దుకాణం మూసేస్తూ నన్ను నరహరికే వదిలేశాడు. ఆడీ ఆడీ గీతలు పడ్డాను, ఏ కంప్యూటరూ చదవలేని దాన్నయ్యాను. పావురాలు బెదురుతాయని వినోద నన్ను బాల్కనీలో దారం కట్టి వేలాడదీసింది. అవి బెదరవు, నా పక్కనే కునుకు తీస్తాయి. గాలికి తిరుగుతూ నేను గోడమీద ఎండను చల్లుతుంటాను.

లోపల క్యారమ్స్ సాగుతోంది. "నీ వంతన్నా," అంటాడు మొగిలి. తర్వాత చాలాసేపు చప్పుడుండదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు, హాయిగా వింటాను. టక్‌మని స్ట్రైకర్ తగిలిన శబ్దం.

"పడలే," అంటాడు నరహరి నవ్వుతూ. "మల్ల నా వంతు రానియ్యి."