భుజం మీది తువ్వాల

నేను ఒక గ్రూపు ఫోటోని. వరంగల్లు నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు నన్ను ఓ దొరగారి గడీ ముంగిట్లో తీశాడు. నన్ను చదవడానికి అక్షరాలు రానక్కరలేదు, కుర్చీలు చూస్తే చాలు. ఒకదాంట్లో గోపాలరావు దొర మీసం మెలేసి కూర్చున్నాడు. రెండోదాంట్లో ఆరేళ్ళ కొడుకు, కాళ్ళు నేలకు అందకపోయినా దర్జాగా కూర్చున్నాడు. వాణ్ణి కన్న దొరసాని మాత్రం వెనక నిలబడింది. మగవాడై పుట్టినందుకు వాడికి కుర్చీ, కన్నందుకు ఆమెకు కాళ్ళనొప్పులు. నాకు నవ్వొచ్చింది.

ఇంకా వెనక, గోడను ఆనుకుని, జీతగాడు మైసయ్య. దొర ఎదుట ఎవరి భుజం మీదా తువ్వాల ఉండకూడదు, నడుముకు చుట్టుకోవాలి. అది ఆ ఊరి కట్టడి. పట్నం మనిషికి ఇవన్నీ ఏం తెలుసు? నల్లటి ఒళ్ళు గోడ నీడలో కలిసిపోతోందని, తెల్ల తువ్వాల భుజాన వేసుకొమ్మని చేత్తో సైగ చేశాడు. మైసయ్య తటపటాయించి వేసుకున్నాడు. దొర కదలకుండా ముందుకే చూస్తున్నాడు. ఫోటో దిగే మనిషికి తన వెనక ఏముందో తెలియదు కదా.

నేను అచ్చయి గడీకి చేరాక తెలిసింది.

దొర మైసయ్యను పిలిపించి నన్ను అతని మొహం ముందు పెట్టాడు.

"ఎవడేసుకొమ్మన్నడు ర?"

"ఫోటో అయ్య ఏసుకొమ్మన్నడు దొరా, నీ బాంచెన్."

"నా ఎనుక నిలవడి దొరవైనవా?"

చర్నాకోలతో మొదలుపెట్టాడు. అది తెగిపోతే కట్టె అందుకున్నాడు. తువ్వాల వేసుకున్న భుజాన్నే వెతికి వెతికి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది, నెత్తురు చింది నా అంచుకు అంటింది. పొద్దుగూకక ముందే మైసయ్య చచ్చిపోయాడు. ఒక గుడ్డముక్క మీద అంత కసేమిటో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

చంపినా దొరకు కసి తీరలేదు. నాలో మైసయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. చింపేద్దామంటే తన మీసం బాగా పడింది. దొరసాని చేతికి చాకు ఇచ్చి, "వాన్ని గీకెయ్" అన్నాడు.

ఆమె చాకు అందుకుంది. గీకింది. మొగుడి మొహం పూర్తిగా పోయి, అడుగున అట్ట బయటపడేదాకా గీకింది. నాకు నొప్పి పుట్టలేదు, హాయిగా ఉంది. అది చూసిన దొర ఆమె దవడ విరగ్గొట్టి, నన్ను పొయ్యిలో పడెయ్యమన్నాడు. ఆమె నన్ను చీర మడతల్లో దాచింది.

మైసయ్య పోయిన మూడో రోజే అతని పెళ్ళాం పోశవ్వను పేడ ఎత్తడానికి పిలిపించారు. దొరసాని మొహానికి గుడ్డ కట్టుకుని కొట్టం దగ్గరికి వెళ్ళి నన్ను ఆమెకిచ్చింది. పోశవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని నన్ను అందుకుంది. మొగుణ్ణి చూసుకుని ఏడ్చింది. చాలాసేపటికి, గీకిన చోట వేలు పెట్టి అడిగింది.

"గీ కుర్సిల ఎవలు, దొర్సానీ?"

దొరసాని విరిగిన దవడతోనే మాట కూడదీసుకుంది.

"ఎవ్వలు లేరు, పోశవ్వా."