పిస్టల్ ఎత్తాక వచ్చే ఆలోచనలు

“పిస్టల్ పట్టే చేతికి గిన్నెలు బరువా అమ్మా?” అన్నారు అత్తగారు, తిన్న పళ్ళెం సింకులో జారవిడుస్తూ. ఆవిడ సరదాకే అన్నారు. ఆ ఇంట్లో ఏ మాటైనా సరదాకే అంటారు, అందుకని నొచ్చుకోవడానికి కూడా వీలుండదు. ఆమె నవ్వి కుళాయి తిప్పింది.

పెళ్ళికి ముందు నుంచీ ఆమె ఎయిర్ పిస్టల్ పోటీల్లో ఆడుతోంది. ఆ ఆట వల్లే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సాధనలో ఆమె గురికి తిరుగులేదు. పోటీకి వెళితే మాత్రం చివరి గుండ్ల దగ్గర చెయ్యి తేలిపోతోంది. మొన్న కూడా అంతే, ముందంజలో ఉండి ఆఖరికి జారిపోయింది. “ఇంట్లో ఆకాశం విరిగి మీద పడ్డా కదలవు, అక్కడ వణుకేమిటి? నీకు ఒత్తిడి పడదులే,” అన్నాడు భర్త. ఇంట్లో కదలకుండా ఉన్నందుకే అక్కడ వణుకుతోందేమోనన్న సంగతి అప్పటికి ఆమెకూ తోచలేదు.

ఆ ఏడు షూటింగ్ సంఘం వాళ్ళు ఆటగాళ్ళ మనసుకు శిక్షణ ఇచ్చే కోచ్‌ని పెట్టారు. నడివయసు మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. గురి సాధన చేసే రేంజిలో అందరూ ఆవిడకి ‘మాటల టీచరు’ అని పేరు పెట్టేశారు. భర్త విని పడీపడీ నవ్వాడు. “మాటలు చెప్పడానికి కూడా కోచ్ ఎందుకు? నేను చెప్తాగా. ధైర్యంగా ఉండు. అయిపోయింది!”

మాటల టీచరు ధైర్యం ఊసే ఎత్తలేదు. గుండు లేని పిస్టల్ ఇచ్చి గీత దగ్గర నిలబెట్టింది. “ఎత్తండి. మళ్ళీ దించేదాకా మనసులోకి ఏది వస్తే అది పైకి అనండి. దిద్దకండి.”

“ఊపిరి... గురి... మణికట్టు బిగువు...”

“అది మీ పాత కోచ్ చెప్పింది. మీకేం వస్తోంది?”

ఆమె మళ్ళీ ఎత్తింది. “అత్తయ్యగారి కంట్లో చుక్కలు వేశారో లేదో. గ్యాస్ కట్టేశానా? పాప బూట్లు ఆరలేదు. ఆఫీసులో సార్ ఆ ఫైలు నన్నే చూడమన్నారు, ఆటల వాళ్ళకి పనేముందని. ఆయన చొక్కాకి బొత్తాం...” నవ్వొచ్చి ఆగింది. టీచరు మాత్రం నవ్వలేదు.

“ఎప్పటినుంచి ఇలా?”

“ఎలా?” అంది ఆమె, నిజంగానే అర్థంకాక. ఆలోచన అంటే కూర్చుని చేసేది కదా. ఇది ఫ్రిజ్ చప్పుడులా ఊరికే నడుస్తూ ఉంటుంది, ఆగితేగానీ అది ఉన్నట్టే తెలియదు.

“మీ చేతికి ఏ లోపమూ లేదు. పిస్టల్‌తో పాటు ఇల్లంతా ఎత్తుతున్నారు, అంతే. ఊపిరి ఎలా పట్టాలో, ఆలోచన వస్తే ఎలా సాగనంపాలో నేను నేర్పిస్తాను. పోటీ రోజున మాత్రం ఇంటి పనులు ఎవరికీ అప్పగించి రాకండి.”

“అప్పగించకపోతే ఎలాగండీ?”

“అప్పగించారంటే అవి ఇంకా మీవే. చేశారా లేదా అని చూసుకునే పని మీ దగ్గరే ఉంటుంది. వదిలేసి రండి.”

ఊపిరి సాధన తేలిగ్గానే వచ్చింది. వదిలెయ్యడమే రాలేదు. ఒకరోజు అత్తగారి కంటి చుక్కల వేళకి ఆమె కుర్చీలోంచి లేవలేదు. “మందు వెయ్యవేమ్మా?” అన్నారు అత్తగారు. “మీ అబ్బాయి వేస్తారు అత్తయ్యా,” అంది. భర్త గొణుక్కుంటూ వచ్చి సీసా పిండాడు. చుక్క చెంప మీద పడింది. “కన్ను ఇక్కడుందిరా!” అని అరిచారావిడ. పిస్టల్‌ని గాలిలో కదలకుండా నిలపడం కంటే, ఆ పూట తన చేతులు తన ఒళ్ళో ఉంచుకోవడమే ఆమెకు కష్టమైంది. రెండో చుక్క కంట్లోనే పడింది.

రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ రోజు పొద్దున “వెళ్ళొస్తాను” అని మాత్రం అంది. “అదేంటి? పాపకి బాక్సులో ఏం పెట్టాలో చెప్పలేదు?” అంటూ భర్త గుమ్మందాకా వచ్చాడు. ఆమె బూటు లేసు కట్టుకుని లేచింది. “మీకేం తోస్తే అది పెట్టండి.” రేంజికి చేరగానే ఫోన్ కట్టేసి సంచిలో పడేసింది.

ఆలోచనలు రాకపోలేదు. ఒక్కొక్కటీ వచ్చింది, ఆమె చూసింది, అది వెళ్ళింది. ఆఖరి గుండుకి చెయ్యెత్తాక, పాప తిందో లేదో అని మెదిలింది. ఇదివరకైతే ఆ ఆలోచనతోనే కాల్చేసేది. ఇప్పుడు కాల్చకుండా చెయ్యి దించింది. టైము మించిపోతుందని వెనక ఎవరో ‘అయ్యో’ అన్నారు. ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తింది. లోపల ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దానికి క్షణం భయమేసింది. తన మనసులో తనొక్కతే ఉండి ఎన్నేళ్ళయిందో! ట్రిగ్గర్ మీద వేలు దానంతట అదే బిగుసుకుంది. గుండు నడిమధ్యన దిగింది.

మూడో స్థానం. జట్టుకి ముగ్గురు కావాలి.

సంఘం కార్యదర్శి మగవాళ్ళ జట్టు దగ్గర “నెలరోజుల క్యాంపు, సామాన్లు సర్దుకోండి” అని, ఇటు తిరిగి ఆమెతో, “మీరు ఇంట్లో అడిగి సాయంత్రంలోగా చెప్పండమ్మా,” అన్నాడు ఎంతో మర్యాదగా.

“వస్తున్నానండీ.”

“అంటే, ఇంట్లో...”

“ఇంట్లో చెప్తాను.”

బయటికొచ్చి ఫోన్ చేసింది. “ఫోన్ కట్టేశావేంటి? పొద్దున్నుంచి ఎన్నిసార్లు చేశానో తెలుసా? పాప బాక్సులో రెండు అరటిపళ్ళు పెట్టి పంపాను, అంతే!” అన్నాడు భర్త. పాప వాటితోనే కడుపు నింపుకుని, ఈపాటికి ఎక్కడో గంతులేస్తూ ఉంటుంది. ఆమెకు నవ్వొచ్చింది. ఎలా ఆడావని ఆయన అడగలేదు. ఆమే చెప్పింది, క్యాంపు సంగతి కూడా.

“నెలరోజులా?” అన్నాడు. “మరి ఇల్లు?”

జవాబులన్నీ నాలుక చివరికి వచ్చాయి. అమ్మని రమ్మంటాను, వండి పెట్టి వెళ్తాను, ఆదివారాలు వస్తాను. ఆమె ఊపిరి తీసుకుని, ఒక్కొక్కదాన్నీ పోనిచ్చింది.

“ఇంట్లో మీరున్నారుగా,” అంది.