ముసుగు తీసి మళ్ళీ కప్పిన పక్షి

వరదనీళ్ళు రెండోసారి పంపుహౌసు మెట్లెక్కిన ఏడు జరిగింది ఇది. మొదటి వరద మెట్ల దగ్గరే ఆగి మర్యాదగా వెనక్కి పోయింది. రెండోది లోపలికొచ్చి మోటార్లను పలకరించింది. పోతూపోతూ పంపుహౌసు నుంచి బస్సు రోడ్డుకి చెరువు మీదుగా వెళ్ళే కట్టను ఊడ్చుకుపోయింది. అప్పట్నించి అవతలికి వెళ్ళాలంటే పంపుహౌసు పడవే దిక్కు. పడవ నడిపేది నేను. దాని గొలుసు తాళంచెవి మాత్రం మా బావ బెల్టుకి వేలాడేది.

బావ అంటే మా అక్క మొగుడు. పంపుహౌసుకి ఫోర్‌మన్. అక్కడ మోటారు ఆగిన రోజులున్నాయి గాని ఆయన నోరు ఆగిన రోజు లేదు. పనివాళ్ళు ఆయన్ని మైకు అనేవాళ్ళు, ఎదుట కాదు. నా పని చెరువులో కలువాకూ తూడూ మోటార్లు నీళ్ళు తోడే చోటి జాలీకి అడ్డం పడకుండా కొక్కెం గెడతో లాగి పారెయ్యడం. దానికి మాటలు అక్కర్లేదు.

పక్షి సంగతి ఆ వరదలోనే మొదలైంది. మా చెరువులో కలువాకుల మీద నడిచే పక్షి ఒకటుంది. కాలివేళ్ళు దాని ఒంటికి మించి పొడుగు. ఆకు మునగకుండా అడుగులేస్తుంది. మేం ఆకుపిట్ట అంటాం. గూడంటూ గొప్పగా ఏమీ కట్టదు. నాలుగు తడి ఆకులు పోగేస్తే వాటిమీద గుడ్లుంటాయి. వరద పెరుగుతుంటే ఒక గూడు కింది ఆకులతో సహా తెగి కొట్టుకొచ్చి పంపుహౌసు గోడకి ఆనుకుంది. పిట్ట గుడ్లమీంచి లేవలేదు. పైన వాన, కింద నీళ్ళ ఊపు, అది కూర్చునే ఉంది. మేమంతా మెట్లమీద నిలబడి చూశాం. లోపల మోటార్లు మునుగుతున్నాయి. వాటిని చూడాల్సినవాళ్ళు పిట్టను చూస్తున్నారు.

ఎవరో ఫొటో తీశారు. పేపర్లో వేశారు. కింది మాటలు బావవి. తల్లి ప్రేమ ముందు వరద తల వంచిందట. వరద తల వంచిన చోటు నాకు కనపడలేదు. మా అక్క వంటింట్లో మోకాలిలోతు బురద మాత్రం కనపడింది.

ఆ రోజు నుంచి ఆయనకి ఇంకో మాట లేదు. మోటారు బాగుచెయ్యడానికి వచ్చినవాడికి తల్లి పక్షి. కుళాయి రావడం లేదని అడగడానికి వచ్చినవాళ్ళకి తల్లి పక్షి. వాళ్ళు ఖాళీ బిందెలతో, నిండిన చెవులతో వెనక్కి పోయేవాళ్ళు. ఆ తర్వాత పంపుహౌసు ముందు సిమెంటు బొమ్మ పెట్టిద్దామన్నాడు. పాడైన మోటారు మార్చమంటే ఎన్నాళ్ళకీ పలకని పెద్ద ఇంజనీరు బొమ్మకి వెంటనే సరేనన్నాడు. రోడ్డుపక్క రాళ్ళకి రంగులేసే మనిషే దాన్ని చేశాడు. బాతుకీ కోడికీ మధ్యగా వచ్చింది. వేళ్ళు పొడుగ్గా పెడితే విరిగిపోతాయని కుదించేశాడు. ఆ పిట్టకున్న గొప్పంతా ఆ వేళ్ళే.

నాకేం? బొమ్మ చెరువులోకి రాదు, జాలీకి అడ్డం పడదు. కాని బావ ఆ పిట్టను ఇంట్లోకి తెచ్చాడు.

ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, ఓడరేవులో క్రేను నడిపే పని నేర్చుకుంది. నేర్చుకునేసరికి కడుపుతో ఉంది, ఆగింది. పిల్ల పుట్టి, నడక వచ్చి, పాలు మానేశాక రేవు నుంచి పిలుపొచ్చింది. ఫలానా రోజు మధ్యాహ్నంలోగా వచ్చి చేరాలి, రాకపోతే వెనకున్నవాళ్ళకి ఇచ్చేస్తారు. రేవు దూరం. అక్కడే గది తీసుకుని వారానికోసారి ఇంటికి రావాలి. పిల్లని మొగుడు చూసుకుంటానన్నాడు. ఆ అబ్బాయి దర్జీ. బావ వాళ్ళ క్వార్టర్సులోనే ముందు గదిలో కూర్చుని యూనిఫారాలు కుట్టేవాడు. ఆ మిషను చప్పుడు వినపడితే గాని పిల్ల నిద్రపోదు. మొగుడూ పెళ్ళాం కూర్చుని మాట్లాడుకున్నారు, తేల్చుకున్నారు. మూడోవాడికి అందులో పని లేదు.

మూడోవాడు మా బావ.

కంచం ముందు మొదలుపెట్టాడు. నోరులేని పక్షి వరదొచ్చినా గుడ్లు వదల్లేదట, నోరున్న మనిషి ఇనప క్రేను కోసం పిల్లని వదిలేస్తుందట. అల్లుడికి వేరే వడ్డించాడు. ఏ జాతిలోనైనా మగాడు గుడ్లమీద కూర్చోగా చూశావా అని అడిగాడు. ఆ మాట పంపుహౌసు అంతా పాకింది. అల్లుడు పిల్లనెత్తుకుని బయటికొస్తే గుడ్డు పెట్టిన కోడిలా కూసేవాళ్ళు. వాల్వు తిప్పేవాడికైతే వేరే పనే లేకపోయింది. అల్లుడు మంచివాడే. ఊళ్ళోవాళ్ళ కాలర్లన్నిటికీ లోపల గట్టిగుడ్డ వేసి నిలబెడతాడు గాని తన మెడ నిలబెట్టుకోవడం రాదు. నాలుగు రోజుల్లో మెత్తబడ్డాడు. ఇంకో ఏడాది ఆగుదామా అని పెళ్ళాన్ని అడిగాట్ట. ఆమె పెట్టె సర్దడం మాత్రం ఆపలేదు.

పెట్టె చూసి బావ నా దగ్గరికొచ్చాడు. దాన్ని పడవెక్కించావంటే నీ పడవా నువ్వూ చెరువులో ఉంటారన్నాడు. రోజూ చెరువులోనే ఉంటున్నాను, కొత్తేముంది? ఆ మాట అనలేదు. ఆ రోజు నుంచి తూడు లాగే పనో ఆఫీసు మనుషుల్ని దాటించే పనో ఉంటే తప్ప తాళంచెవి ఇవ్వడం మానేశాడు. ఇచ్చిన రోజు గట్టుమీద కుర్చీ వేసుకుని నేను తిరిగొచ్చేదాకా కాపలా కూర్చునేవాడు. బొమ్మ ముసుగు తీసే సభ కూడా, కూతురు రేవులో చేరాల్సిన రోజుకి సరిగ్గా ముందురోజు పెట్టాడు. సభలో నలుగురి ముందూ దులిపితే పెట్టె దానంతటదే అటక ఎక్కుతుందని ఆయన లెక్క.

ఈలోగా మెడలో దుర్భిణితో ఒక అమ్మాయి దిగింది, దుర్భిణమ్మాయి అనేవాళ్ళం. పక్షుల మీద పెద్ద చదువు చదువుతోందట. ఇంజనీరు చెప్పి పంపాడు గనక బావ ఆ అమ్మాయికి కుర్చీ వేసి, టీ ఇప్పించి, తల్లి పక్షి కథ మొత్తం వినిపించాడు. ఆ అమ్మాయి విన్నది, తలూపింది. ఆమె కోసం తాళంచెవి ఇచ్చాడు. బయటి చదువరులు కూడా తన పక్షి కోసం వస్తున్నారని రెండు రోజులు చెప్పుకున్నాడు.

పడవనిండా సంచులు వేసుకొచ్చింది. వల వేసి పిట్టల్ని పట్టేది. గుడ్డసంచిలో పెట్టి తూచేది, కాలికి చిన్న కడియం తొడిగేది, రెక్క కింద సూదితో ఒక్క బొట్టు నెత్తురు తీసేది. తీసి, పిట్టకి సారీ చెప్పేది. అంతకుముందే నా కాలు తొక్కింది. నాకు చెప్పలేదు. అయినా పడవలో కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవడం వచ్చు. ఆ పాటి చదువు మా బావకి అబ్బలేదు.

వరదలో కొట్టుకొచ్చిన పిట్టను కూడా పట్టింది. అప్పటికి దాని పిల్లలు గుడ్లలోంచి వచ్చి ఆకులమీద పరిగెడుతున్నాయి. రెక్క విప్పి చాలాసేపు తడిమింది. ఆ తర్వాత నన్ను అడిగింది.

“బాబాయ్, దీన్నేనా మీవాళ్ళు తల్లి అంటున్నది?”

ఊఁ అన్నాను.

“ఇది తండ్రి.”

నేను ఏమీ అనకపోయేసరికి వినలేదనుకుందో ఏమో, వివరంగా చెప్పింది. ఈ జాతిలో ఆడది పెద్దదట. గుడ్లు పెట్టి ఒక మగదానికి అప్పజెప్పి ఇంకోదాని దగ్గరికి పోతుందట. మా చెరువులో ఒక్క ఆడదానికి నలుగురు మొగుళ్ళున్నారట, నలుగురూ నాలుగు మూలల గుడ్లో పిల్లలో చూసుకుంటున్నారట. ఆడదాని పని పొలిమేర కాయడం, పైకొచ్చినవాళ్ళతో పోట్లాడటం. నా వేలు పట్టుకుని రెక్కలో ఎముక తడిమించింది. బద్దలా వెడల్పుగా తగిలింది. ప్రమాదం వస్తే పిల్లల్ని రెక్కల కింద ఇరికించుకుని నడిచిపోవడానికట అది. అప్పుడు రెక్కల కింద నుంచి పిల్లల కాళ్ళు వేలాడుతుంటాయట. అది నేనూ చూశాను. పిట్టకి అన్ని కాళ్ళేమిటా అనుకుని తెడ్డు వేసుకుంటూ పోయాను. ఇంకో సంగతి కూడా చెప్పింది. గూట్లో గుడ్లు ఒక్కోసారి వేరే మగదానివి అయి ఉంటాయట, అయినా కూర్చుంటాడట. ఆ నెత్తురు బొట్టు అది తేల్చడానికే.

ఇంటికెళ్ళి మేనకోడలికి ఒక్క ముక్కలో చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. పిల్ల జుట్టు చిక్కు తీస్తూ నావైపు చూసింది.

“అయితే ఏంటి మామయ్యా? అది తండ్రయితే నేను వెళ్ళొచ్చు, తల్లయితే వెళ్ళకూడదా? ఆ పిట్టేమన్నా నాకు మేనత్తా?”

ఎవరికీ చెప్పొద్దు, దానిమీద గెలవడం నాకిష్టం లేదంది. నాతో ఆ భయం అక్కర్లేదు.

సభ రోజు పంపుహౌసు ముందు కుర్చీలు వేశారు. ఇంజనీరు తాడు లాగాడు, ముసుగు జారింది, చప్పట్లు కొట్టారు. బావ మైకు అందుకున్నాడు. మైకుకి మైకు దొరికితే ఎలా ఉంటుందో అలా ఉంది. తల్లి అన్న ప్రతిసారీ కూతురివైపు చూశాడు. మగాడు అన్న ప్రతిసారీ, వెనక వరసలో పిల్లని భుజాన వేసుకుని నిలబడ్డ అల్లుడివైపు చూశాడు. అల్లుడు చెప్పుల వంక చూసుకున్నాడు. అంతటితో ఆపితే బాగుండేది. ఈ పక్షి మహిమ గురించి రెండు ముక్కలు చెప్పమని దుర్భిణమ్మాయిని తనే పిలిచాడు.

ఆ అమ్మాయికి సభామర్యాద తెలీదు. అడిగింది చెప్పింది.

“బొమ్మ బాగుంది. కాకపోతే ఆ పక్షి మగది.”

ఎలా తెలుసని ఇంజనీరు అడిగాడు. చెప్పింది. నాకు పడవలో చెప్పిందంతా అక్కడ గట్టిగా చెప్పింది, ఎముకతో సహా. మరి ఆడది ఏదని అడిగాడు. చెరువు మూలకి చెయ్యి చూపించి, అదిగో, ఇప్పుడు మూడోవాడి దగ్గరుంది అంది. నీళ్ళకోసం వచ్చి బిందెమీద కూర్చున్న ముసలామె, ఆ నలుగురూ వంట కూడా చేస్తారా అమ్మా అని అడిగింది. ఆడవాళ్ళంతా నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఇంజనీరు లేచి, ఇలాంటివి పిల్లల ముందు మాట్లాడకూడదన్నాడు. అక్కడున్న పిల్ల ఒక్కతే, అదీ నిద్రపోతోంది.

వాల్వువాడు అల్లుడివైపు తిరిగి, మన పక్షి మగదే రోయ్ అన్నాడు. ఈసారి కూత కుయ్యలేదు. కూస్తే ఎవరికి తగులుతుందో వాడికి తేలలేదు.

దుర్భిణమ్మాయి ఇంకా మైకు దగ్గరే ఉంది.

“వాటిని చూసి మీరేం నేర్చుకోకండి. ఇవే ఆడపక్షులు పక్కదాని జాగాలో దూరి పిల్లల్ని పొడిచి చంపుతాయి. అదీ నేర్చుకుంటారా?”

బావ మైకు లాక్కున్నాడు. ఇవి మన పక్షులు కావన్నాడు. వరదలో ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చిన పక్షులన్నాడు. మన చెరువు పక్షుల్లో ఆడది ఆడదిలాగే ఉండేదన్నాడు. ఇంజనీరు తలూపి, పై నుంచి మాట వచ్చేదాకా బొమ్మ మూసి ఉంచమన్నాడు. తీసిన గుడ్డే మళ్ళీ కప్పారు. తీసినప్పుడు చప్పట్లు కొట్టాం, కప్పినప్పుడు కొట్టాలో వద్దో తెలీక కొందరు కొట్టారు.

సాయంత్రం ఇంట్లో బావ గోడలకి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ అమ్మాయి చదువు దండగ, ఇంజనీరు వెన్నెముక లేనివాడు, పిట్టలు చెడిపోయినవి. అసలు తప్పంతా కలువాకుదట. ఆకుంటే కదా అవి అక్కడ కాపురాలు పెట్టేది.

“ఒరేయ్ బామ్మర్దీ, రేపు పొద్దున్నే పడవ తీసి ఒక్క ఆకు మిగలకుండా పీకెయ్. గూళ్ళతో సహా.”

బెల్టునుంచి తాళంచెవి ఊడదీసి నా ముందు పడేశాడు. గట్టుమీద కుర్చీ సంగతి ఎత్తలేదు. రేపు ఆ గట్టుమీద కూర్చుంటే దారినపోయే ప్రతివాడూ తల్లి బాగుందా అని అడుగుతాడని ఆయనకీ తెలుసు.

అల్లుడు మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. మూడుసార్లు తప్పింది. ఎక్కాక, తలెత్తకుండానే అన్నాడు.

“మామగారూ, వరదలో గుడ్లమీద కూర్చున్నది ఆడదో మగదో గాని, గుడ్లు మునగలేదు కదండీ.”

బావ నోరు తెరిచాడు. అందులోంచి ఏమీ రాలేదు. అన్నేళ్ళలో మొదటిసారి. ఆ మాట అల్లుడికి పిట్ట వల్ల వచ్చిందని నేననుకోను. ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అనాల్సిన మాట, ఆ సాయంత్రం అతను అన్నాడు, అంతే. మేనకోడలు లేచి లోపలికి వెళ్ళింది. పెట్టె మూసిన చప్పుడు వినపడింది. మా అక్క కూతురికి దారిలో తినడానికి ఏవో కడుతోంది. నేను తాళంచెవి జేబులో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పడవ విప్పాను. కొక్కెం గెడ గట్టుమీదే వదిలేశాను. అల్లుడు ఒక చంకలో పిల్లనీ ఒక చేత్తో పెట్టెనీ తెచ్చాడు. మేనకోడలు పిల్ల బుగ్గమీద ముద్దుపెట్టి, గబుక్కున ఎక్కి, నాకు ఎదురుగా, ఇంటికి వీపు పెట్టి కూర్చుంది. ఏడ్చింది. నేను చూడలేదు, తెడ్డు వేశాను. సగం దూరం వెళ్ళాక బావ బొత్తాలు పెట్టుకుంటూ గట్టుమీదికి పరిగెత్తుకొచ్చాడు. ఏదో అరిచాడు. ఆ చెరువు పెద్దది, మాటలు నడిమధ్యలో పడిపోయాయి. ఆయన పక్కనే అల్లుడు పిల్ల చెయ్యి పట్టుకుని ఊపిస్తున్నాడు.

బస్సు ఎక్కించాను. వస్తానంది. ఊఁ అన్నాను. తిరిగొచ్చేటప్పుడు పిట్టల గూళ్ళు తప్పించి చుట్టూ తిరిగి వచ్చాను. పడవ కట్టి, గొలుసుకి తాళం వేసి, తాళంచెవి మళ్ళీ నా జేబులోనే వేసుకుని, జాలీ దగ్గర పడ్డ చెత్త తియ్యడానికి పోయాను.