ఒక్క బైట్ వేడి

సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వచ్చి డబ్బా తీసుకుపోతాడు. ఇంకా ఐదు గంటల టైముంది. సూర్యాపేటలో బట్టల దుకాణం పైనున్న చిన్న ఆఫీసులో కూర్చుని, దేవిక ఆ డబ్బాలోంచి మెమరీ కార్డు తీసి తన కంప్యూటర్‌కు పెట్టుకుంది. డబ్బాకు ఒక పక్కంతా మసి పట్టి, ప్లాస్టిక్ కరిగిపోయి ఉంది.

మిర్యాలగూడ రైస్‌మిల్లులో వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్‌ను నడిపిన డబ్బా అది. వేడి ఎంతుందో చూసుకుంటూ కొలిమిలోకి ఊక వదలడం, నూట ముప్పై డిగ్రీలు దాటగానే ఆపేయడం దాని పని. పది రోజుల కింద అది ఆపలేదు సరికదా, ఇంకా ఇంకా ఊక తోసింది. చేత్తో ఆపుదామని పరుగెత్తిన ఆపరేటర్ సైదయ్య, మాడుగులపల్లి మనిషి, ఒళ్లంతా కాలి మూడో రోజున దవాఖానలో పోయాడు. ప్రోగ్రాం రాసింది సాయికుమార్ కాబట్టి పోలీసులు సాయికుమార్‌ను తీసుకుపోయారు.

ప్రోగ్రాం అసలు రాత చేతిలో ఉంటే తప్పెక్కడుందో గంటలో తేలిపోయేది. కానీ ఈ ఆఫీసు ఓనర్ జగదీశ్‌కు భయం పట్టుకుని, ప్రమాదం జరిగిన సాయంత్రమే ఆఫీసు కంప్యూటర్లన్నీ ఫార్మాట్ చేయించాడు. ఆ తర్వాతగానీ తనను కాపాడుకునే కాగితం ముక్క కూడా మిగల్లేదని అర్థం కాలేదు మహానుభావుడికి. ఇలాంటి తెలివికి ఏ దుకాణంలోనూ మందు దొరకదు.

"దేవికా, సాయిగాడు ఏ లైన్ల తప్పు జేసిండో దొరకవట్టు. కంపెనీది గాదు, వానిదే అని సూపియ్యాలె" అన్నాడు జగదీశ్ పొద్దున రాగానే, మిల్లు నుంచి తెప్పించిన డబ్బాను ఆమె ముందు పెట్టి.

"వాడిది కాదని తేలితే సార్?"

"ఎట్ల తేలుతది? రాసింది వాడు గాదా?"

దేవిక డబ్బా తీసుకుని తన కుర్చీ దగ్గరికి నడిచింది. సాయికుమార్ తనతో చదివినవాడు. ఆరేళ్లుగా ఇద్దరివీ పక్కపక్క కుర్చీలే. తుంగతుర్తి నుంచి వాడు తెచ్చుకునే టిఫిన్‌లో సగం దేవికే తినేది. వండి పంపే వాళ్లమ్మ అలివేలుకు నిన్ననే ఫోన్‌లో మాటిచ్చింది, "సాయి తప్పు లేదని నేను చూపిస్తానమ్మా, మీరు ధైర్యంగా ఉండండి" అని.

"నువ్ సూడు బిడ్డా. గా మిషిన్ల సంగతి నాకేం ఎర్క? నువ్వు ఏదంటే నాకు గదే" అంది అలివేలు.

దేవికకు ఉన్న ఆశ ఒక్కటే. ప్రోగ్రాం మిషన్ భాషలోకి మారేటప్పుడు, రేపు తప్పులు వెతుక్కోవడానికి వీలుగా కొన్ని వివరాలు దాని వెంటే ఉంటాయి. ఏ పేరు, ఏ రకం, ఏ ఫైలు, ఎన్నో లైను, అన్నీ ఒక వంశవృక్షంలా అల్లుకుని ఉంటాయి. పక్క కంపెనీవాళ్లు కాపీ కొట్టకుండా, మిల్లుకు పంపేముందు వాటిని తీసేయడం ఆఫీసు ఆనవాయితీ. "తొక్క తీసినవా?" అని జగదీశ్ ప్రతిసారీ అడిగేవాడు. సాయికుమార్ తీశానని చెప్పి, తీయకుండానే పంపేవాడు. "రేపు ఏమన్నయితే దేంట్ల దేవులాడుకుంటం దేవికా?" అనేవాడు. వాడాడిన ఆ అబద్ధమే ఇవాళ వాణ్ని గట్టెక్కించాలి.

ఆ చెట్టులో తిరగడానికి సి భాషలో ఒక లైబ్రరీ ఉంది. దాన్ని పెట్టుకుని దేవిక చిన్న ప్రోగ్రాం రాసుకుంది. ఏ కొమ్మ మీదున్నా అది చెప్పే దారులు రెండే. నీ మొదటి బిడ్డ ఎవరు, నీ తర్వాతి తోబుట్టువు ఎవరు అని అడగాలి. తల్లి ఎవరో అది చెప్పదు. వచ్చిన దారిని మనమే గుర్తుపెట్టుకోవాలి. మొదటిసారి కంగారులో తోబుట్టువుల్ని అడగడం మరిచిపోయి నాలుగు పేర్లకే ఆగిపోయింది. తనను తాను తిట్టుకుని మళ్లీ రాసింది.

పన్నెండున్నరకు చెట్టంతా తెర మీదికి దిగింది. అన్నీ సాయికుమార్ పెట్టిన పొడుగాటి ఇంగ్లీషు పేర్లు. దేవిక మాత్రం తను రాసేవాటికి గాలి, తేమ, ఊక అని తెలుగు పేర్లే పెట్టేది. "గిది ప్రోగ్రామా, పంచాయితీ తీర్మానమా?" అని వాడు ఏడిపించేవాడు. ఆ పేర్లు ఒక్కొక్కటీ చదువుతుంటే వాడు పక్కన కూర్చున్నట్టే అనిపించి, ఆమె కళ్లు తడిశాయి.

వేడి దాటితే ఆపే భాగం దొరికింది. రెండు వందల పన్నెండో లైను నుంచి రెండు వందల నలభై దాకా. రాశాడు! వాడు మరిచిపోలేదు! దేవిక కుర్చీలోంచి లేచి నిలబడింది.

మరి ఎందుకు ఆగలేదు? ఆ భాగం బిడ్డల్లో, అప్పటి వేడిని దాచుకునే చోటు ఒకటుంది. నీ రకమేమిటని అడిగితే అది ఇంకో కొమ్మను చూపించింది. అక్కడ పరిమాణం ఒక్క బైట్ అని ఉంది.

మైనస్ అంకెలకు కూడా చోటుంచిన అలాంటి ఒక్క బైట్‌లో నూట ఇరవై ఏడు వరకే పడుతుంది. ఇంకొక్క డిగ్రీ పెరిగితే అంకె అడ్డం తిరిగి మైనస్ నూట ఇరవై ఎనిమిది అయిపోతుంది. కొలిమి భగభగ మండుతుంటే డబ్బాకు గడ్డకట్టే చలి కనిపించింది. అందుకే ఊక తోసింది. నూట ముప్పై అనే అంకె దాని కంట ఎన్నటికీ పడేది కాదు.

"ఎంత పని చేశావురా సాయీ" అనుకుంటూ ఆ రకం పేరు చూసింది.

వేడి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాట. దాని కిందే ఫైలు పేరు, పద్నాలుగో లైను. ఆ ఫైలు దేవికది.

రెండేళ్ల కింద కోదాడలో విత్తనాల గోదాము పనికి రాసిన ఫైలు అది. చిన్న చిప్పు, చోటు తక్కువ. గోదాములో వేడి అరవై దాటదు కాబట్టి ఒక్క బైట్ చాలనుకుంది. మిర్యాలగూడ పని వచ్చినప్పుడు సాయికుమార్ అడిగాడు కూడా, "గా కోదాడ ఫైలే వాడితే సరిపోతదా? ఒకపాలి సూడరాదు" అని. ఆమె ఫోన్ చూసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "అదే పెట్టేసెయ్, నడుస్తుంది" అంది.

ఆ మాట విన్నవాళ్లు మూడోవాళ్లు లేరు. వాడు పోలీసుల దగ్గర కూడా ఆ మాట చెప్పలేదు. బహుశా గుర్తే లేదేమో.

దేవిక చాలాసేపు అలాగే కూర్చుంది. రెండున్నరకు నాలుగేళ్ల కూతురు మనీషాను బడి నుంచి తెచ్చుకోవాలి. తెచ్చుకుని ఇంటి దగ్గర వదిలి వచ్చింది. దారంతా ఆ పిల్ల ఏదో చెబుతూనే ఉంది, ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ఆఫీసుకు తిరిగొచ్చేసరికి మూడుంపావు. చెట్టు తెర మీద అలాగే ఉంది, పద్నాలుగో లైనుతో సహా.

తొక్క తీసే ఆదేశం ఒక్క మాట. దేవిక ఆ మాట టైపు చేసింది. తుడిపేసింది. మళ్లీ టైపు చేసింది. ఆమెను తిట్టేవాళ్లు తిట్టండి, తిట్టదగ్గ పనే. భయం మనిషిని ఎంత నీచానికి దింపుతుందో ఆ వేలికి తెలుసు. నొక్కేసింది. కార్డులోని ఫైలు మూడో వంతుకు తగ్గిపోయింది. తన ప్రోగ్రాంతో మళ్లీ వెతికితే ఒక్క బిడ్డ లేదు, ఒక్క తోబుట్టువు లేదు. కార్డును తిరిగి డబ్బాలో పెట్టింది.

నాలుగుకు పది నిమిషాలుండగా అలివేలు ఫోన్ చేసింది.

"సూసినవా బిడ్డా?"

"చూశానమ్మా." దేవిక డబ్బా మూత బిగించింది. "ఏమీ... ఏమీ దొరకలేదమ్మా."

అవతల ఏదో గిన్నె పక్కకు పెట్టిన చప్పుడైంది.

"నేను సరిగనే రాసిన అమ్మా అని వాడు ఒట్టు వెట్టిండు. నేను నమ్మిన" అంది అలివేలు. "నువ్వే సూసి లేదంటివి. ఇగ వానిదే తప్పు. రేపు మాడుగులపల్లి వోయి, సైదయ్య పెండ్లాం సుజాత కాళ్లు మొక్కొస్త. నువ్ తిన్నవా బిడ్డా?"

"తిన్నానమ్మా" అంది దేవిక.