రెండుతో సరి

వేరుశనగ గింజలు మాడకుండా వేగాలంటే సన్నటి సెగ కావాలి, పక్కన కదలకుండా నిలబడే మనిషి కావాలి. సెగ స్టవ్వు ఇస్తుంది. మనిషి ప్రభావతి.

పుంగనూరు హైస్కూల్లో సాయంత్రం దాకా తెలుగు పాఠాలు చెప్పి, బస్సులో మదనపల్లె చేరి, చీరైనా మార్చుకోకుండా ఆమె బాండలి ముందు నిలబడుతుంది. హాల్లో కుటుంబ ప్రార్థన జరుగుతూ ఉంటుంది. చదివేది శాలేము రాజు, కళ్ళు మూసుకుని వినేది ఆయన తల్లి. వంటింట్లోంచే ఆమెన్ అనేది ప్రభావతి. ఈ మధ్య ఆ ప్రార్థన బాగా పొట్టిదైంది. అది ముగిసి ఆయన వెనక వరండాలో కుర్చీ లాక్కునేసరికి గింజలకు ఉప్పూ కారమూ పట్టి ఉండాలి, ఉల్లిపాయ సన్నగా తరిగి ఉండాలి, సోడా చల్లగా ఉండాలి. ఆయన గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటు. చర్చి సంఘంలో పెద్ద. రోజుకు రెండు గ్లాసులు, అంతకు మించి ఒక చుక్క పోసుకోడు.

"మీ మామ మాదిరి కాదమ్మా వీడు," అంటుంది అత్త, గింజలు రెండు నోట్లో వేసుకుని చూస్తూ. "ఆయప్ప తాగినాడంటే వీధి వీధంతా లేసి కూసునేది. నా బిడ్డ రెండుతో సరి. ఇంట్లో ఒక మనిషి తాగుతాండాడని ఎవురికన్నా తెలుస్తాందా?"

ఎవరికీ తెలియదు. అది నిజమే.

ఆ శుక్రవారం ఆయన వరండాలోంచి పిలిచాడు. మొదటి గ్లాసు సగంలో ఉన్నాడు. ఆయన మంచితనమంతా ఆ సగం దగ్గర ఉంటుంది.

"టీచరమ్మా, ఇట్ల రా. కూర్చో. ఆదివారం కుప్పంలో మీ అమ్మ జ్ఞాపకార్థ కూడిక ఉండాది కదా. ఆమె గురించి నిన్ను లేసి సాక్ష్యం చెప్పమంటారు."

"అంటారు."

"పొడుగ్గా వద్దు. అమ్మ మంచిది, మమ్మల్ని ప్రార్థనలో పెంచింది, అట్లాంటివి చెప్పు. ఆ దినం సంగతి నేను చెప్తాలే. నువ్వు దాని జోలికి పోవద్దు."

ప్రభావతి తల ఊపలేదు, కాదనలేదు. ఆయన దాన్ని సరే అనుకున్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె మౌనానికి ఆయన పెట్టుకున్న అర్థం అదొకటే.

ఆ దినం అంటే తల్లి రాహేలమ్మ పోయిన దినం. అప్పటినుంచి అక్క రెజీనా ప్రభావతితో మాట్లాడడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. కూడిక సంగతి కూడా శాలేము రాజుకే చెప్పింది. అమ్మ ఎటూ లేదు. ఆమె గురించి మాట్లాడుకోవడానికి ఈ భూమ్మీద మిగిలింది ఒక్క అక్క. ఆ అక్క కూడా పోతుందా, ఉంటుందా అన్నది ఆదివారం తేలుతుంది. బాండలి తోముతూ ప్రభావతి దాని గురించే ఆలోచించింది.

రెండుతో సరి అనే మాటకు ఇంకో సగం ఉందని ఆమెకు పెళ్ళైన కొత్తలో తెలియదు. మొదటి గ్లాసులో ఆయన నవ్వుతాడు, స్కూలు కబుర్లు అడుగుతాడు, హెడ్మాస్టరును అనుకరిస్తాడు, నిజంగానే నవ్వు తెప్పిస్తాడు. రెండో గ్లాసులో ఆ నవ్వు మెల్లగా దిగిపోతుంది. ప్రమోషను తప్పించిన ఆఫీసరు గుర్తొస్తాడు, తమ్ముడు గుర్తొస్తాడు, ఎప్పటిదో కూరలో ఉప్పు గుర్తొస్తుంది. అన్నం తిని పడుకోగానే నిద్ర పడుతుంది. ఆ మాట ఆయన అందరికీ చెప్తాడు, మంచంమీద వాలితే చాలు, పసిబిడ్డ మాదిరి అని. పసిబిడ్డ నడిరేయి లేస్తుందని చెప్పడు. ఒళ్ళంతా చెమట, నోరు పిడచగట్టి ఉంటుంది, నీళ్ళకు లైటు వేస్తాడు, ఫ్యాను పెంచుతాడు, మళ్ళీ తగ్గిస్తాడు, మంచం అంచున కూర్చుని నిట్టూరుస్తాడు. ప్రభా, మేలుకోనుండావా అంటాడు. అప్పటికి ఆమె మేలుకునే ఉంటుంది. గుండె దడగా ఉందంటాడు, తనకేమన్నా అయితే ఇల్లు ఏమైపోతుందంటాడు. ఆమె వీపు నిమురుతుంది. తెల్లవారే వేళకు ఆయనకు మళ్ళీ మగత పడుతుంది. ఆమె లేచి పాలు పొయ్యిమీద పెడుతుంది.

పొద్దున ఆయన ముఖం ముసురు పట్టిన ఆకాశం. కాఫీ వేడిగా ఉన్నా తప్పే, చల్లారినా తప్పే. ఆ ముఖాన్ని చూసి అత్త కూడా గొంతు తగ్గించి మాట్లాడుతుంది. తల దిమ్ముగా ఉండాది, అమ్మను బీపీ చూపించేదానికి నువ్వు తీసుకుపో అంటాడు. గ్యాసు వాడికి నువ్వు ఫోన్ చెయ్యి, కరెంటు ఆఫీసుకు నువ్వు పోయిరా అంటాడు. ఆయన ఒంట్లో ఆ పూట లేని ఓపిక ఎక్కడో ఒకచోటినుంచి రావాలి కదా. అది ఆమె ఒంట్లోంచి వచ్చేది. తాగని మనిషికి తాగిన మరుసటి రోజు వస్తుందని వింటే ఎవరూ నమ్మరు.

ఒకసారి స్టాఫ్‌రూములో లెక్కల టీచరు నాజ్నీన్ ఆమె కళ్ళలోకి వంగి చూసింది.

"ప్రభక్కా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. నువ్వు తాగుతాండావా?"

"యాల అడుగుతాండావు?"

"మా వీధిలో ఒకాయన ఉండాడు. పొద్దున్నే పాలకు వస్తే ఆయన కళ్ళు అచ్చం నీ కళ్ళే."

ఇద్దరూ నవ్వారు. నాజ్నీన్ తన టిఫిన్ డబ్బాలోంచి సగం ఆమె మూతలో పెట్టింది. గంట కొట్టాక ప్రభావతి తొమ్మిదో తరగతికి వెళ్ళి, ఒక పద్యం మొదలుపెట్టి, రెండో పాదం గుర్తు రాక బల్ల పట్టుకుని నిలబడింది. పిల్లలే అందించారు. తనకు వయసు మీద పడుతోందని ఆ రోజు ఆమె అనుకుంది. పద్యం గుర్తు రాకపోవడానికి, వెనక వరండాలోని కుర్చీకి సంబంధం ఉందని అప్పటికి తనకే తోచలేదు. ఆ కుర్చీలో మర్యాదగా కూర్చున్న మనిషి ఎప్పుడూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, గోడ పట్టుకుని నడవలేదు. ఏం చెప్పుకోవాలి? మా ఆయన లిమిట్‌లో ఉంటాడు, నాకు కష్టంగా ఉంది అనా?

అమ్మకు ఎక్కువైందని రెజీనా ఫోన్ చేసినప్పుడు కూడా ఆయన లిమిట్‌లోనే ఉన్నాడు. రెండోది అప్పుడే ముగించి గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మ నిన్నే అడుగుతాండాది. తెల్లారేదాకా ఉంటాదో లేదో తెలీదు. ఇప్పుడే బయల్దేరి రా," అంది రెజీనా.

ప్రభావతి రెండు చీరలు సంచిలో కుక్కుకుని వరండాలోకి వచ్చింది. శాలేము రాజు ఆమెను, సంచిని చూసి జాలిగా తల ఊపాడు.

"ఇప్పుడు బండి తీసేది బాగుండదు ప్రభా. ఎంత కొంచెమైనా తాగినాను కదా. తాగి నడిపే మనిషిని కాదు నేను. తెల్లారుజామున పోదాం."

"నేను బస్సులో పోతా."

"ఈ పొద్దులో పలమనేరులో దిగి, ఇంకో బస్సుకు ఒంటరిగా నిలబడతావా? మా ఇంటి ఆడోళ్ళను అట్ల పంపే అలవాటు లేదు. లేస్తానంటాండాను కదా. మాట ఇస్తాండా."

ఇచ్చిన మాట మీద ఆయన పడుకున్నాడు. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుంది. ఆయన మామూలుగానే మధ్యలో లేచాడు, నీళ్ళు తాగాడు, పోదామా అంటే ఇంకా చీకటి అన్నాడు. తెల్లవారేసరికి మామూలుగానే మగతలో పడిపోయాడు. ఆమె భుజం పట్టి కుదిపింది. లేస్తాండా అన్నాడు. మళ్ళీ కుదిపింది. లేస్తాండా అంటే వినపడలేదా అని కసిరాడు. పుంగనూరు వైపు పోయే మొదటి బస్సు హారను మెయిన్ రోడ్డులోంచి వినిపించింది. ఆ బస్సు డ్రైవరు ఆమెకు తెలుసు. ఇదిగో, ఇప్పుడు లేస్తాడనుకుని ఆమె కూర్చునే ఉంది. అత్త వచ్చి, నిద్రలో ఉండే మొగోణ్ణి అట్ల పొడవద్దమ్మా, తల నొస్తాది వాడికి అంది.

కారు పుంగనూరు దాటేసరికి బడిపిల్లలు సంచులతో రోడ్డు దాటుతున్నారు. పలమనేరు దాటాక రెజీనా ఫోన్ వచ్చింది.

"ఇంక నిదానంగా రాండి," అంది అక్క. అంతే అంది.

ఆదివారం కుప్పంలో రెజీనా ఇంటి ముందు షామియానా వేశారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, ముందు బల్లమీద బంతిపూల మధ్య రాహేలమ్మ ఫొటో. రెజీనా మరిదిని బాగుండారా అని పలకరించింది. చెల్లెలి చేతికి కాఫీ గ్లాసు ఇచ్చి, ముఖంలోకి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. వరసైన ఆడవాళ్ళు ప్రభావతిని చూసి ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు.

పాట అయింది, వాక్యం అయింది. పాస్టరు దేవసహాయం అయ్యగారు, పెద్దల్లుడు మన మధ్య లేడు కాబట్టి ఇప్పుడు చిన్నల్లుడు రెండు మాటలు చెప్తారు అన్నారు. శాలేము రాజు తెల్లచొక్కా సర్దుకుని లేచాడు. మంచి గొంతు ఆయనది, సంఘంలో అందరూ మెచ్చుకునే గొంతు.

"మా అత్తగారు నాకు తల్లి మాదిరి. ఆ దినం కబురు తెలిసిన వెంటనే రావాలనే నా ప్రాణం కొట్టుకునింది. అయితే మా ప్రభావతికి ఆరోగ్యం బాగలేదు. చానా దినాలుగా ఆమెకు నిద్ర పట్టదు. ఆ రాత్రి ఏదో కొంచెం కన్ను మూసింది, పాపం. లేపేదానికి నాకు మనసు రాలేదు. అట్ల లేటయింది. అంతా దేవుని చిత్తం."

ఆడవాళ్ళలో ఎవరో అయ్యో అన్నారు. ప్రభావతి అక్క వైపు చూసింది. రెజీనా ముఖంలో ఆశ్చర్యం లేదు. అంటే ఈ మాట ఆమె ముందే విని ఉంది. ఆ పొద్దునే, కారు తీయబోతూ ఆయన వాకిట్లోంచి చేసిన ఫోనులో, ఈ గొంతుతోనే. కన్నతల్లి వాకిలి వైపు చూస్తూ ప్రాణం విడుస్తుంటే ఒళ్ళు తెలియక నిద్రపోయిన కూతురు. ఇన్ని దినాలూ అక్క లోపల తన బొమ్మ అది. ఊరందరిలోనూ అదే.

"అమ్మా, మీరు," అన్నారు అయ్యగారు.

ప్రభావతి లేచింది. లేటయింది. ఆ ఒక్క మాట ఆమె చెవిలో నిలబడిపోయింది. పిల్లలు ఇట్లాంటి వాక్యం రాసుకొస్తే కర్త ఏడీ అని అడుగుతుంది ఆమె. పని జరిగిందంటే చేసినవాళ్ళు ఒకరుంటారు, వెతకండి అంటుంది. ఇంట్లో మాత్రం ఇన్నేళ్ళూ ఎవరినీ అడగలేదు. నిద్ర చెడింది, పొద్దుపోయింది, ఓపిక పోయింది. అన్నీ వాటంతటవే జరిగినట్టు ఊరుకుంది.

"ఆ రాత్రి నేను నిద్రపోలేదు," అంది. బళ్ళో ఉక్తలేఖనం చెప్పే నిదానం ఆ గొంతులో ఉంది. "సంచి ఒళ్ళో పెట్టుకోని కూర్చోనుంటిని. నిద్రపోయింది మా ఆయన. రోజూ సాయంత్రం రెండు గ్లాసులు తాగుతారు. ఆ సాయంత్రం కూడా తాగినారు. అందుకని కారు తీయలేదు. నన్ను బస్సులో పోనీయలేదు. తెల్లారినాక లేపితే లేవలేదు. ఈడ అమ్మ నా కోసం చూస్తా ఉన్నింది. ఆడ నేను ఈయన లేస్తారని చూస్తా ఉంటిని. అమ్మకు చెప్పుకోవాల్సిన మాట ఇది. అమ్మ లేదు కాబట్టి మీకు చెప్తాండాను."

కూర్చుంది. షామియానా గుడ్డ గాలికి టపటపలాడింది. శాలేము రాజు లేవలేదు, కోప్పడలేదు. పక్కనున్న అయ్యగారి వైపు వంగి, ముందు వరసలవాళ్ళకు వినపడేంత మెత్తగా అన్నాడు.

"నిద్ర లేక, అయ్యగారూ. తల్లి పోయిన బాధ ఒకటి. ఏం మాట్లాడతాండాదో ఆమెకే తెలీదు."

అయ్యగారి ముఖం తేలికపడింది. అందరి ముఖాలూ తేలికపడ్డాయి. "ప్రార్థన చేద్దాం," అన్నారాయన. అన్ని తలలూ వంగాయి. "తండ్రీ, ఈ సోదరికి మంచి నిద్రను దయచేయి. ఆమె మనసుకు నెమ్మదినివ్వు. మాటలకు కావలి పెట్టు. ఈ కుటుంబాన్ని..."

ప్రభావతి కళ్ళు మూసుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో ప్రార్థనకు కూర్చుని కళ్ళు తెరవడం అదే మొదలు. వంగిన తలలు, పూలు, కొంగులు, భర్త నున్నగా దువ్విన జుట్టు. ఒకసారి ఆ వరసలన్నీ చూస్తూ పోతే, చివర, గుంజకు ఆనుకుని నిలబడిన మనిషి కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. రెజీనా ఆమెనే చూస్తోంది. ఇద్దరూ చాలాసేపు అట్లాగే చూసుకున్నారు. అక్క పెదవి ఒక పక్కకు వంకరపోయింది, చిన్నప్పుడు ఏడుపు ఆపుకునేటప్పుడు పోయినట్టే. అందరూ ఆమెన్ అన్నారు. వాళ్ళిద్దరూ అనలేదు.

భోజనాలయ్యాక శాలేము రాజు కారు వాకిట్లోకి తెచ్చి, ఇంజను ఆపకుండానే ఆమెను పిలిచాడు. ముఖం మామూలుగానే ఉంది. చూపు మాటిమాటికీ పొద్దు వైపు పోతోంది.

"ఎక్కు. చేసింది చాలు. ఇంటికి పోయి మాట్లాడుకుందాం. ఇప్పుడు పోతేనే సాయంత్రానికి చేరతాం."

సాయంత్రానికి. ఇంత జరిగినా ఆయన్ని ఇంటివైపు లాగుతున్నది అదేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. కోపం రాలేదు. ఒళ్ళంతా బరువుగా, కనురెప్పలు ఇసుక పోసినట్టుగా ఉన్నాయి.

"మీరు పదండి," అంది. "నాకు నిద్రొస్తాండాది. అక్క చాప వేసింది లోపల."

"పట్టపగలు నిద్రేంది? సరే, పండుకో కొంచెంసేపు. వెయిట్ చేస్తా." వాచీ చూసుకున్నాడు. "ఎంతసేపు?"

ప్రభావతి అప్పటికే గడప దగ్గర చెప్పులు విడుస్తోంది.

"తీరేదాకా," అంది.